డేటాబేసులో దొరికిన వ్యాసాలే ప్రామాణికమా? పీజీ ప్రాజెక్టు ఆధారాలపై చర్చ

పాలమూరు విద్యార్థిని (ప్రశ్న):
మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో పర్యావరణ శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ నా ప్రాజెక్టు విషయం. విశ్వవిద్యాలయ గ్రంథాలయం చందా కట్టిన డేటాబేసుల్లో దొరికిన వ్యాసాలనే ఆధారాలుగా చూపాలని, గూగుల్ స్కాలర్‌లో వెతికి తెచ్చినవి చెల్లవని మా గైడ్ సార్ నియమం పెట్టారు. ఆ లాగిన్ మా కళాశాలకు లేదు. ఈ నియమం సబబేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

దేవరకొండ అధ్యాపకుడు:
మీ గైడ్ నియమాన్ని నేను సమర్థిస్తాను. తోటి నిపుణుల సమీక్ష దాటిన వ్యాసాన్నీ, ఎవరో తమ సైటులో ఉంచిన సెమినార్ పత్రాన్నీ, రుసుము కట్టిన వెంటనే అచ్చువేసే పత్రికలోని రచననూ గూగుల్ స్కాలర్ ఒకే వరుసలో చూపిస్తుంది. వాటిని వేరుచేయడం విద్యార్థికి అంత తేలిక కాదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి డేటాబేసులు పత్రికను పరిశీలించిన తర్వాతే చేర్చుకుంటాయి. నమ్మదగిన పత్రికలు ఇవీ అంటూ 2019లో తెచ్చిన యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, మంచి పత్రిక ఏదో తేల్చుకునే బాధ్యతను సంస్థలకే వదిలేశారు కనుక ఎక్కడో ఒకచోట హద్దు గీయక తప్పదు. పైగా కృత్రిమ మేధ సాధనాలు అసలు లేని వ్యాసాలను సంవత్సరం, పుటల సంఖ్యలతో సహా కల్పించి ఇస్తున్న ఈ రోజుల్లో ప్రతి ఆధారాన్నీ విడిగా సరిచూసే తీరిక ఏ గైడ్‌కు ఉంటుంది?

నల్లగొండ గ్రంథాలయ ఉద్యోగి:
దేవరకొండ సార్ భయం సహేతుకమే, హద్దు గీసిన చోటే సరిగా లేదు. డేటాబేసు ఎంపిక చేసేది పత్రికను. అందులోని ఒక్కొక్క వ్యాసానికి అది పూచీ పడదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసం సాక్షాత్తూ ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది, 2010లో గాని దానిని ఉపసంహరించలేదు. హిందావీ అనే ప్రచురణ సంస్థ 2023లో ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా వ్యాసాలను ఉపసంహరించింది. అదే ఏడాది వెబ్ ఆఫ్ సైన్స్ ఆ సంస్థ పత్రికలు 19 తొలగించింది, అంటే అప్పటిదాకా అవి ఆ జాబితాలో ఉన్నవే.

ఇక మీ విషయానికే వస్తే, మన నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల, పళ్ల జబ్బు) గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత వైద్య వ్యాసాల భాండారంలో ఏ చందా లేకుండా చదువుకోవచ్చు. గూగుల్ స్కాలర్ ద్వారా అక్కడికి చేరినంత మాత్రాన అది చెల్లకుండా పోతుందా?

వెతికే పద్ధతి గురించి కూడా చెప్పాలి. మీ జిల్లా పేరును ఆంగ్లంలో నడుమ ‘ఎ’ అక్షరంతో కొందరు, అది లేకుండా కొందరు రాస్తారు. రెండు రూపాల మధ్య ‘ఆర్’ (OR, అంటే రెండింటిలో ఏది ఉన్నా సరే) అనే సంధాయకం పెట్టకపోతే సగం వ్యాసాలు కంటబడవు. నల్లగొండ పేరుతో వెతికితే ఇథియోపియా, టాంజానియా వ్యాసాలు వచ్చిపడతాయి, ఎందుకంటే నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా మన ఊరి పేరే ఉంది. ‘టెక్నిక్’ అనే మాటను ‘నాట్’ (NOT) సంధాయకంతో తీసివేస్తే వాటిలో చాలావరకు తొలగిపోతాయి. 2016లో జిల్లాలను విడగొట్టారు కనుక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి పేర్లు కూడా చేర్చుకోవాలి.

దేవరకొండ అధ్యాపకుడు:
ఉపసంహరించిన వ్యాసాలు కొన్ని దాటిపోయాయని జల్లెడనే పారవేయలేము కదా. పబ్‌మెడ్ సెంట్రల్ కూడా డేటాబేసే, దానికి నాకు అభ్యంతరం లేదు.

మిర్యాలగూడ పరిశోధకుడు:
అభ్యంతరం లేదంటే నియమంలోని ‘చందా కట్టిన’ అన్న మాట ఎగిరిపోయినట్లే. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను 2025 జనవరి నుంచి అందుబాటులోకి తెచ్చింది. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని విద్యార్థినీ, దాని పరిధిలోని ప్రైవేటు కళాశాల విద్యార్థినీ ఒకే గీటురాయి మీద పెడితే మనం కొలిచేది కళాశాల స్థోమతనే గాని విద్యార్థి వివేచనను కాదు. అమ్మా, కళాశాలలకు ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ పథకంలో మీ కళాశాల చేరిందేమో ముందు కనుక్కోండి. చేరి ఉండి కూడా విద్యార్థులకు ఎవరూ చెప్పని కళాశాలలు ఉంటాయి.

నా వరకు వ్యాసాన్ని తూచేది ‘పద్ధతులు’ అనే భాగంతోనే. నమూనాలు వానలకు ముందు తీశారా, తర్వాత తీశారా? బోరు లోతు రాశారా? అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతాయి కాబట్టి అయాన్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు ఫ్లోరైడ్‌ను విడిపించే బఫర్ ద్రావణం కలపాలి. ఆ సంగతి ఎత్తని వ్యాసం స్కోపస్‌లో ఉన్నా నేను అనుమానిస్తాను. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుకు అటూ ఇటూ ఉన్న బావుల విషయంలో ఆ తేడాతోనే నిర్ణయం తారుమారు అవుతుంది.

పాలమూరు విద్యార్థిని:
ఒక్కొక్క వ్యాసానికి పత్రిక పేరు, అది ఏయే డేటాబేసుల్లో చేరి ఉంది, ఉపసంహరించారా, నమూనాల కాలం, కొలిచిన పద్ధతి అనే గడులతో పట్టిక తయారుచేసి సార్‌కు చూపిస్తాను. ఉపసంహరణ విషయం ఎక్కడ చూడాలి?

నల్లగొండ గ్రంథాలయ ఉద్యోగి:
ఉపసంహరించిన వ్యాసాల వివరాలుండే రిట్రాక్షన్ వాచ్ జాబితాను 2023లో క్రాస్‌రెఫ్ సంస్థ కొని అందరికీ ఉచితంగా తెరిచింది. వ్యాసం డీఓఐ సంఖ్యతో (ప్రతి వ్యాసానికీ ఉండే గుర్తింపు సంఖ్య) అక్కడ వెతకండి.

దేవరకొండ అధ్యాపకుడు:
ఆ పట్టిక తెచ్చే విద్యార్థి నా దగ్గరకు వస్తే నేను నియమాన్ని సడలిస్తాను. పట్టిక లేకుండా వచ్చేవారి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.