అహోబిలం దారిలో తలకిందులుగా మాను దిగే పిట్ట ఏది?

ప్రశ్న (కర్నూలు నుండి):
ఎగువ అహోబిలం అడవిలో ఒక పాత మద్దిమాను మీద పిచ్చుక కంటె చిన్నదైన నీలిరంగు పిట్ట తలకిందులుగా, ఎక్కడా జారకుండా దిగివస్తూ కనిపించింది. ముక్కు ఎర్రగా ఉంది. వడ్రంగి పిట్ట ఇలా దిగగా నేనెన్నడూ చూడలేదు. ఇది ఏ పిట్ట? ఎక్కడ గూడు పెడుతుంది?

సమాధానం (నంద్యాల నుండి):
మీరు చెప్పిన గుర్తులను బట్టి అది వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్. నుదుట మఖమలు వంటి నల్లని పట్టీ, పసుపు కన్ను ఉంటాయి. కంటి వెనుకకు నల్లని గీత సాగితే మగది. వడ్రంగి పిట్ట బిరుసైన తోకను మానుకు ఊతగా ఆనించుకొని పైకి ఎక్కుతుంది గనుక తల కిందికి పెట్టి దిగడం దానికి కుదరదు. నట్‌హాచ్ తోకను నమ్ముకోదు. ఒక కాలితో పైన పట్టుకొని వేలాడుతూ, రెండవ కాలిని కింద ఊతగా పెట్టి, బెరడు పగుళ్ళలోని పురుగులను, సాలీళ్ళను ఏరుకుంటుంది. పెద్దమానులున్న అడవే దీనికి కావాలి. అనంతపురం వైపు ముళ్ళపొదల్లో వెతికి ప్రయోజనం లేదు.

సమాధానం (కడప నుండి):
గూడు విషయం నేను చెబుతాను. ఇది చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. వడ్రంగి పిట్టలాగా గట్టి మానును తొలిచే శక్తి లేనందున, కొమ్మ విరిగి పుచ్చిన చోట ఏర్పడిన తొర్రనో, వడ్రంగి పిట్ట వదిలిన పాత తొర్రనో ఎంచుకొని, అవసరమైతే కొంత వెడల్పు చేసుకొని, లోపల నాచు, వెంట్రుకలు, ఈకలు పరుస్తుంది. గుడ్లు తెల్లగా, ఎర్రని చుక్కలతో ఉంటాయి. దీని బంధువైన ఇండియన్ నట్‌హాచ్ పనితనం ఇంకా ముచ్చటైనది: పెద్ద తొర్ర దొరికితే ద్వారాన్ని మట్టితో మెత్తి, తన ఒళ్ళు పట్టేంత సందు మాత్రమే మిగుల్చుకుంటుంది. మానుపై ఎండిన మట్టిపూత కనిపిస్తే పురుగుల పుట్ట అనుకొని గీకకండి.

సమాధానం (అనంతపురం నుండి):
మాను పాకే పిట్టలన్నీ తొర్రల్లోనే ఉంటాయనుకోరాదు. ఉత్తర, మధ్య భారతంలోని పొడి అడవుల్లో ఉండే మచ్చల క్రీపర్ కొమ్మ మీదనే, సాలెపట్టుతో అల్లి, గిన్నె వంటి గూడు కడుతుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. మా మామిడితోటలో సగం ఎండిన పాత చెట్టు ఒకటుంది. కట్టెలకు కొట్టించాలా, ఉంచాలా?

సమాధానం (కడప నుండి):
మనుషుల మీద పడే ప్రమాదం లేకపోతే ఉంచండి. మీ తోటకు అడవి దూరమైతే నట్‌హాచ్ రాకపోవచ్చు గాని, గోరింక, రామచిలుక, గుడ్లగూబ తప్పక వాడుకుంటాయి.