కోళ్ల గూటి చిన్న తలుపుకు ఎలాంటి గడియ మేలు?

చంద్రగిరి దగ్గర మా పెరట్లో తొమ్మిది నాటుకోళ్లున్న గూటికి, గుడ్లు తీసుకోవడానికి అడుగున్నర వెడల్పున చిన్న తలుపు పెట్టుకున్నాను. దానికి మెలితిప్పే చెక్కముక్కే గడియ కావడంతో, పోయిన వారం ముంగిస కింది మూలను నెట్టి, మూడు వేళ్లు పట్టే సందులోంచి దూరి, పొదుగుతున్న పెట్టను చంపేసింది. మామూలు కోళ్ల జాలీ కోళ్లను ఆపుతుందే గాని ముంగిసను ఆపదు కనుక, ఈసారి అరంగుళం కళ్ల వెల్డ్‌మెష్ తెచ్చాను.

అసలు చిక్కు చెక్కతోనే: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండాకాలంలో ఎండిపోయి మళ్లీ సందు ఇస్తుంది. చట్రం లోపలివైపు చుట్టూ పట్టీ కొట్టి, తలుపు దానికి ఆనేలా చేస్తే సరిపోతుందా? పైనొకటి, కిందొకటి ఇనుప గడియలు చాలునా? ఒక చేతిలో గుడ్ల బుట్ట ఉంటుంది కాబట్టి, రెండో చేత్తోనే తెరవగలిగే పద్ధతిని అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.