కుక్కపిల్లకు మాట వినడం ఎప్పటి నుంచి నేర్పాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): మా ఇంట్లో రెండు నెలలు నిండిన నాటు కుక్కపిల్ల ఉంది. ఆరు నెలలు దాటాకే శిక్షణ ఇవ్వాలని పక్కింటివారు అంటున్నారు. మామయ్య గారేమో కర్ర చూపిస్తేనే వింటుందంటారు. పిలిస్తే రాదు, దొరికిన చెప్పునల్లా కొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (రాయగడ నుంచి): దయచేసి ఆరు నెలల దాకా ఆగకండి. ఎనిమిది వారాల పిల్ల చక్కగా నేర్చుకుంటుంది. పద్నాలుగు వారాలు దాటే లోపు పరిచయమైన మనుషులన్నా చప్పుళ్లన్నా దానికి పెద్దయ్యాక బెదురు తక్కువ. ఆటో మోత, కుక్కరు విజిల్, గొడుగు విప్పడం, అన్నీ ఇప్పుడే అలవాటు చేయండి. టీకాలు పూర్తయ్యే వరకు మాత్రం వీధిలో నేల మీద దించవద్దు, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు సోకవచ్చు. చంకనెత్తుకుని సంత చూపించండి.

ముందు పేరు. పిలవగానే మీ వైపు చూస్తే చాలు, శనగగింజంత ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి. తరువాత కూర్చోవడం. ముక్కను దాని ముక్కుకు ఆనించినట్టు పట్టుకుని, తల మీదుగా మెల్లగా వెనక్కి జరపండి. చూపు పైకి పోయేసరికి వెనుక భాగం దానంతటదే కిందికి దిగుతుంది. నేలకు తగిలిన క్షణంలోనే పెట్టాలి. లేచాక పెడితే లేచినందుకే పెట్టారనుకుంటుంది. చెయ్యి మరీ ఎత్తితే గెంతుతుంది. ఇది కుదిరాకే ‘కూర్చో’ అనే మాట జోడించండి. ఒక్కో విడతకు మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు విడతలు, ఆకలి మీద ఉన్నప్పుడు.

కర్ర సంగతి పెద్దాయనకు నచ్చజెప్పండి. దెబ్బకు అది భయపడి ఆగిపోతుందే తప్ప ఏం చేయాలో దానికి తెలియదు. దగ్గరకు పిలిచి తిట్టడం అంతకన్నా చేటు. రేపు లారీకి అడ్డం వెళ్తుంటే పిలిచినా మీ దగ్గరకు రాదు.

ప్రశ్న: అత్తయ్య గారు తెలుగులో పిలుస్తారు, పిల్లలు ఒడియాలో. గందరగోళపడుతుందా?

జవాబు: భాష ఏదైనా ఫరవాలేదండి, పనికి ఒకే మాట ఉండాలి. కూర్చోమనడానికి ఒడియా మాట ‘బొసొ’ అనుకుంటే ఇంటిల్లిపాదీ ‘బొసొ’ అనే అనాలి. చేతి సైగ కూడా నేర్పండి, అది మాటకంటే తొందరగా పట్టుబడుతుంది.

మరో జవాబు (సిరొంచ నుంచి): పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి, కొరుకుడు ఇంకా పెరుగుతుంది. ఆరేడు నెలలకు తగ్గుతుంది. అందాకా చెప్పులు అటక ఎక్కించండి. పాత తువ్వాలు తడిపి ముడివేసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇవ్వండి. చెప్పు పట్టుకుంటే వెంటపడి లాగవద్దు, అది ఆటనుకుంటుంది. ముక్క చూపించి మార్చుకోండి. ఉల్లిపాయ పడిన కూర ముక్కలు పెట్టకండి, కుక్కలకు విషం. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. పశువుల ఆసుపత్రికి వెళ్లేటప్పుడు జేబులో నాలుగు ముక్కలుంటే డాక్టరు గారి బల్ల మీదా కుదురుగా నిలుస్తుంది.