‘గ్రాహకం’ చెడితే కబురు ఆగాలి కదా, క్యాన్సర్ ఎందుకొస్తుంది?

నల్లకుంట ప్రూఫ్‌రీడర్:
ఇంటర్ పిల్లల కోసం రాసిన వ్యాసంలో వాక్యం ఇది: ‘కణత్వచంలోని ప్యాచ్డ్ అనే గ్రాహకం హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని గ్రహించి కణానికి అందజేస్తుంది. ఈ గ్రాహకం పాడైతే చర్మ క్యాన్సర్ వస్తుంది.’ వ్యాకరణానికి లోటు లేదు, అర్థమే మింగుడుపడటం లేదు. అందజేసేది చెడితే కబురు ఆగాలి గానీ కణాలు ఎగబడి పెరగడమేమిటి? తప్పు పదానిదా, శాస్త్రానిదా?

ఉప్పల్ రోడ్డు బయాలజీ:
తప్పు క్రియది, మాస్టారూ. ‘అందజేస్తుంది’ కొట్టేయండి. ప్యాచ్డ్ ఏదీ అందజేయదు. కబురు రానంతసేపూ స్మూతెన్డ్ అనే మరో త్వచ ప్రొటీన్‌ను పని చేయనివ్వదు, అంతే. హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రొటీన్ వచ్చి పట్టుకుంటే ప్యాచ్డ్ పని ఆగిపోతుంది, స్మూతెన్డ్ లేస్తుంది, గ్లీ ప్రొటీన్లు కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలో పెడతాయి. పిండంలో వేళ్లు ఎన్ని, ఏది ఎక్కడ అన్నది తేలేది ఈ దారిలోనే. కాబట్టి ప్యాచ్డ్ చెడినా, హెడ్జ్‌హాగ్ వచ్చినా కణానికి తేడా తెలియదు. ఎవరూ పిలవకపోయినా పిలుపు వినిపిస్తూనే ఉంటుంది.

బోయిన్‌పల్లి తెలుగు టీచర్:
‘గ్రాహకం’ తప్పు పదం కాదండీ. గ్రహ్ ధాతువుకు అర్థం పట్టుకోవడం. పాణిగ్రహణంలో ఉన్నది అదే. తెలుగులో ‘గ్రహించు’ అర్థం చేసుకోవడం వైపు జరిగింది కనుక, గ్రాహకం అనగానే విని, అర్థం చేసుకుని, పైవాళ్లకు చెప్పే గుమాస్తా కళ్లముందుకొస్తాడు. వాక్యం అక్కడే దారి తప్పింది. పిల్లలకు ‘గొళ్లెం’ అంటే? తెలంగాణ పిల్లలకైతే ‘బేడెం’. తీస్తే తలుపు తెరుచుకుంటుంది, విరిగినా తెరుచుకునే ఉంటుంది.

ఉప్పల్ రోడ్డు బయాలజీ:
విరిగిన గొళ్లెం దాకా భేషుగ్గా ఉంది మేడమ్, ఆ తర్వాత జారిపోతుంది. ఒక గొళ్లెం ఒక తలుపుకే. ప్యాచ్డ్ మాత్రం తనకంటే ఎన్నో రెట్లున్న స్మూతెన్డ్‌ను ఆపగలదు. పైగా దాన్ని అంటిపెట్టుకుని కూర్చోదు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ కొలెస్టరాల్‌ది. స్మూతెన్డ్ లేవాలంటే త్వచంలో దానికి కొలెస్టరాల్ దొరకాలి. త్వచాన్ని 12 సార్లు దాటుతూ అల్లుకున్న ప్యాచ్డ్ ఆకారంలో బాక్టీరియా పంపులకు దగ్గరి చుట్టం. అందుబాటులో ఉన్న కొలెస్టరాల్‌ను అది తోడేస్తూ ఉంటుంది.

అపార్ట్‌మెంట్ సంపు అనుకోండి. మోటారు తోడినంతసేపూ నీళ్లు అడుగునే ఉంటాయి, ఫ్లోట్ లేవదు. ఆ ఫ్లోటే స్మూతెన్డ్. హెడ్జ్‌హాగ్‌కు ఒక చివర కొలెస్టరాల్, ఇంకో చివర పామిటేట్ అనే కొవ్వు తగిలించి ఉంటాయి. పామిటేట్ చివర ప్యాచ్డ్ దారిలోకి దూరి, పైపులో గుడ్డ కుక్కినట్టు అడ్డుపడుతుంది. ఈ దృశ్యం 2018లో వచ్చిన నిర్మాణ చిత్రాల్లో కనిపించింది. ఇదంతా ఎక్కువగా కణం మీద యాంటెన్నాలా నిలబడే ఒంటరి శైలిక దగ్గర జరుగుతుంది. కబురు వస్తే ప్యాచ్డ్ అక్కణ్నుంచి తప్పుకుంటుంది, స్మూతెన్డ్ లోపలికి చేరుతుంది.

నల్లకుంట ప్రూఫ్‌రీడర్:
సంపు బాగుంది. మరి హెడ్జ్‌హాగ్‌ను ‘ముళ్లపంది’ అని రాశారు, ఉంచమంటారా?

ఉప్పల్ రోడ్డు బయాలజీ:
వద్దు. ముళ్లపంది పార్కుపైన్. ఆ పేరుతో వేరే జన్యువుంది, అది డబ్ల్యూఎన్‌టీ అనే మరో సంకేత దారిది. అనువదిస్తే రెండు దారులూ కలిసిపోతాయి. పేర్లు పండ్ల ఈగ నుంచి వచ్చాయి. న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ 1980లో వర్ణించిన జన్యు మార్పుల్లో డింభకం ఒళ్లంతా ముళ్లతో కనిపించినదానికి హెడ్జ్‌హాగ్ అని పెట్టారు. 1995 నోబెల్ ఆ పనికే, ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిపి. క్షీరదాల్లో మూడున్నాయి: సోనిక్, డెజర్ట్, ఇండియన్. మొదటిది వీడియో గేమ్ పాత్ర, మిగతావి నిజం జంతువులు. పేర్లను లిప్యంతరీకరించి వదిలేయడమే మేలు.

బోయిన్‌పల్లి తెలుగు టీచర్:
కింది పేరాలో ఇంకో మెలిక ఉంది: ‘స్మూతెన్డ్ నిరోధకానికి కణితి నిరోధకత చూపుతుంది.’ ఇన్హిబిటరూ నిరోధకమే, రెసిస్టెన్సూ నిరోధకతే!

ఉప్పల్ రోడ్డు బయాలజీ:
మందును ‘స్మూతెన్డ్‌ను ఆపే మందు’ అనండి, రెండోదాన్ని ‘లొంగకపోవడం’ అనండి. మందు విస్మోడెగిబ్. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరి, కోతకూ రేడియేషన్‌కూ వీల్లేనప్పుడు ఇచ్చేందుకు అమెరికాలో 2012లో అనుమతించారు, రోజుకు 150 మిల్లీగ్రాములు. కండరాలు పట్టేస్తాయి, రుచి పోతుంది, జుట్టు రాలుతుంది. గర్భిణులకు అసలే పనికిరాదు. సైక్లోపమైన్ అనే మొక్క పదార్థం ఆపేదీ ఈ స్మూతెన్డ్‌నే. ఆ పదార్థమున్న వెరాట్రమ్ మొక్కను చూలు గొర్రెలు తింటే ఒంటికన్ను పిల్లలు పుట్టాయి.

లొంగకపోవడం రెండు తీరులు. స్మూతెన్డ్ ప్రొటీన్ గొలుసులో 473వ చోట అస్పార్టిక్ ఆమ్లం బదులు హిస్టిడిన్ వస్తే మందు పట్టు తప్పుతుంది. లేదా లోపం స్మూతెన్డ్ కింద, గ్లీని ఆపి ఉంచే సూఫూ ప్రొటీన్‌లోనో గ్లీలోనో ఉంటే, పైన ఎంత ఆపినా ప్రయోజనం లేదు.

నల్లకుంట ప్రూఫ్‌రీడర్:
ఇలా దిద్దాను: ‘ప్యాచ్డ్ కణత్వచంలోని గ్రాహకం. హెడ్జ్‌హాగ్ రానంతవరకు అది స్మూతెన్డ్‌ను అణచి ఉంచుతుంది. హెడ్జ్‌హాగ్ పట్టుకోగానే ఆ పని ఆగుతుంది. ప్యాచ్డ్ జన్యువు పాడైతే అణచివేత పోయి చర్మ క్యాన్సర్ రావచ్చు.’

ఉప్పల్ రోడ్డు బయాలజీ:
ఒక్క సవరణ: ‘జన్యువు రెండు ప్రతులూ పాడైతే’. ఒకటి బాగుంటే సాధారణంగా తోడటం సాగుతుంది. గోర్లిన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బులో ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది. ఈ జన్యువే కారణమని 1996లో తేలింది. రెండోది ఏ చర్మకణంలో పోతే అక్కడ కణితి లేస్తుంది, అందుకే వాళ్లకు ఒకటి కాదు, పదుల్లో వస్తాయి. ‘చర్మ క్యాన్సర్’ను కూడా ‘బేసల్ సెల్ కార్సినోమా’ చేయండి. మెలనోమా అనే ఇంకో చర్మ క్యాన్సర్ దారి వేరు.