న్యూరోబ్లాస్టోమా: వ్యాప్తి లేదని తేలాక కూడా జన్యు పరీక్ష ఎందుకు?

ప్రశ్న:
మా అన్నయ్యగారి పాపకు పదకొండు నెలలు. మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోని కణితి న్యూరోబ్లాస్టోమా (ఎదగని నాడీ కణాల్లో పుట్టే, చిన్నపిల్లలకు వచ్చే క్యాన్సర్) అని బయాప్సీలో తేలింది. మరెక్కడికీ వ్యాపించలేదని స్కాన్లు చెబుతున్నా, ఎన్-మిక్ పరీక్ష ఫలితం వచ్చాకే చికిత్స నిర్ణయిస్తామని డాక్టరుగారు అన్నారు. ఒక్క జన్యువు కోసం ఎందుకు ఆగాలి? ఇది తమ నుంచే వచ్చిందేమోనని మా వదినగారు కుమిలిపోతున్నారు. తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం 1:
డాక్టరుగారు ఆగడం సబబేనండి. ఎన్-మిక్ అని పిలిచే ఎంవైసీఎన్ జన్యువు మామూలు కణంలో రెండు ప్రతులుగా ఉంటుంది. కొన్ని కణితుల్లో అవి పదుల్లోకి, ఒక్కోసారి వందల్లోకి పెరుగుతాయి. దీన్ని ఆంప్లిఫికేషన్ అంటారు. న్యూరోబ్లాస్టోమా పిల్లల్లో సుమారు 20 శాతం మందిలో కనిపించే ఈ మార్పు ఉంటే వ్యాధి వేగంగా ముదురుతుందని 1980ల మధ్యలోనే గుర్తించారు. పాప వయసు 18 నెలల లోపు కావడం, వ్యాప్తి లేకపోవడం రెండూ మంచి సూచనలే. ఆంప్లిఫికేషన్ కూడా లేకపోతే శస్త్రచికిత్సతోనే సరిపోవచ్చు; కణితి మరీ చిన్నదైతే, కోయకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండటమూ ఉంది, ఎందుకంటే పసిపిల్లల్లో కొన్ని కణితులు వాటంతటవే కరిగిపోతాయి. అదే ఆంప్లిఫికేషన్ ఉంటే, ఇదే వయసు పాపకు కూడా చాలా సందర్భాల్లో తీవ్రమైన కీమోథెరపీ అవసరమవుతుంది. అక్కరలేని మందులు పసిబిడ్డకు ఇవ్వకూడదు, అవసరమైనవి ఆలస్యం చేయకూడదు. ఈ రెండూ ఆ ఫలితం మీదే ఆధారపడి ఉన్నాయి.

సమాధానం 2:
పై వివరణకు ఒక్క మాట చేరుస్తాను. ఎన్-మిక్ కోసం సాధారణంగా చేసే ఫిష్ పరీక్ష (జన్యువుకు మెరిసే రంగు అంటించి సూక్ష్మదర్శినిలో చూసేది) ఆ జన్యువును మాత్రమే చూస్తుంది. ఆంప్లిఫికేషన్ లేని కణితుల్లో కూడా 1పి (1వ క్రోమోజోము పొట్టి భుజం) లేదా 11క్యూ (11వ క్రోమోజోము పొడవాటి భుజం) భాగం పోయి ఉంటే వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అలా ముక్కలు తెగకుండా క్రోమోజోములు మొత్తంగా ఎక్కువ సంఖ్యలో ఉండటం పసిపిల్లల్లో మంచి సూచన. అందువల్ల క్రోమోజోములన్నిటినీ చూసే పరీక్షకు సరిపడా బయాప్సీ నమూనా ఉందా అని డాక్టరుగారిని తప్పక అడగండి.

సమాధానం 3:
మీ వదినగారికి ముందుగా చెప్పవలసింది, ఎన్-మిక్ ఆంప్లిఫికేషన్ కణితి కణాల్లో పుట్టే మార్పే తప్ప తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు. వంశపారంపర్యంగా వచ్చే న్యూరోబ్లాస్టోమా ఒకటి రెండు శాతమే. వాటిలో ఎక్కువగా ఏఎల్‌కే, కొన్నిసార్లు ఫాక్స్2బి జన్యువులో లోపం కనిపిస్తుంది. కుటుంబంలో మరెవరికైనా ఈ వ్యాధి వచ్చి ఉన్నా, కణితిలో ఏఎల్‌కే మార్పు బయటపడినా, పాప రక్తాన్ని విడిగా పరీక్షించి జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడటం మంచిది.