రాజమహల్ పనోరమాలో ఒక కమాను మాయం: పాయింట్లు చేత్తో పెట్టాలా, సాఫ్ట్‌వేర్‌కే వదిలేయాలా?

తొండవాడ కుర్రోడు:
చంద్రగిరి రాజమహల్‌ను ముందున్న పచ్చిక దగ్గర నిలబడి ఫోన్‌తో వరసగా నిలువు ఫోటోలు తీశాను. ట్రైపాడ్ లేదు. ఫోటోలు అతికే సాఫ్ట్‌వేర్ హగిన్‌లో వేసి అలైన్ నొక్కితే పనోరమా వచ్చింది కానీ మహల్‌లో ఒక కమాను తగ్గింది. ఒక జత ఫోటోలు సరిగ్గా ఒక కమాను మేర పక్కకు జరిగి అతుక్కున్నాయి. అతుకు దగ్గర వంక పెట్టడానికి ఏమీ లేదు, లెక్కపెడితేనే దొరుకుతుంది. మా అన్నేమో కంట్రోల్ పాయింట్లన్నీ (రెండు ఫోటోల్లో ఒకే చోటును చూపే గుర్తులు) తీసేసి చేత్తో పెట్టుకోమంటాడు. ఫ్రెండ్ ఒకడు, ఈ రోజుల్లో చేత్తో ఎవరు పెడతారని నవ్వుతున్నాడు. ఎవరి మాట వినాలి?

మసక లెన్సు:
మీ అన్న మాటే వినండి. సాఫ్ట్‌వేర్‌కు అది మహల్ అని తెలియదు. అంచులు, మూలలు, మచ్చలు ఉన్న చిన్న చిన్న ముక్కల్ని పట్టుకుని పక్క ఫోటోలో వాటిలాంటివి వెతుకుతుంది. అక్కడ ప్రతి అంతస్తులోనూ అవే కమానులు, అదే సున్నం రంగు. మనిషి కంటికే తికమకగా ఉంటే దానికి ఉండదా? జతకు ఐదారు పాయింట్లు శ్రద్ధగా పెడితే చాలు, ఆటోమేటిక్‌గా వచ్చే వంద కన్నా అవి మేలు.

పిక్సెల్ పిచ్చి:
అంత తొందరగా తీర్పు ఇవ్వకండి సార్. ఒకేలా ఉండే ఆకారాల గొడవ ఈ పద్ధతులు రాసినవాళ్లకు తెలియనిది కాదు. ఫోటోల్లో పోలిన ముక్కల్ని వెతికే సిఫ్ట్ పద్ధతి కనిపెట్టిన డేవిడ్ లోవ్ 2004 పేపర్లోనే దానికి ఒక జల్లెడ పెట్టాడు. ఒక పాయింటుకు దొరికిన మొదటి జతా, రెండో జతా దాదాపు సమానంగా సరిపోతుంటే ఆ పాయింటును నమ్మకుండా వదిలేయాలి. ఇప్పటి ప్రోగ్రాములు చాలావాటిలో ఇలాంటి జల్లెడ ఉంది. కమానుల మీద పాయింట్లు తక్కువగా రావడానికి కారణం కూడా ఇదే.

మరి ఎక్కడ తప్పుతుందంటే, ఓవర్‌ల్యాప్, అంటే పక్కపక్క ఫోటోలు రెండింటిలోనూ కనిపించే భాగం, తక్కువైనప్పుడు. ఈ ఫోటోలోని కమానుకు అసలు జత పక్క ఫోటో అంచు దాటి బయట ఉండిపోయి, దానిలాంటి ఇంకో కమాను మాత్రమే లోపల ఉందనుకోండి. పోల్చడానికి రెండోది లేదు కాబట్టి దొంగ జత జల్లెడ దాటేస్తుంది. ఆ తర్వాత రాన్‌సాక్ వస్తుంది, 1981 నాటి పద్ధతి. ఎక్కువ పాయింట్లు ఏ జరుగుబాటుకు ఒప్పుకుంటే దాన్నే నిజమనుకుంటుంది. కమానులన్నీ ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి తప్పు పాయింట్లన్నీ కలిసి ఒకే తప్పు చెబుతాయి. తమ్ముడూ, ఓవర్‌ల్యాప్ ఎంత?

తొండవాడ కుర్రోడు:
మిగతా చోట్ల మూడో వంతు ఉంటుందన్నా. ఆ జతలో మాత్రం ఐదో వంతు కూడా లేదు, ఎవరో అడ్డొస్తే కొంచెం ఎక్కువ తిరిగేశాను.

మసక లెన్సు:
అంటే ఆటోమేటిక్ అక్కడ ఓడిపోయిందని మీరే ఒప్పుకున్నట్టు. ఇంకోటి: కట్టడం నిటారుగా నిలబడాలంటే గోడ అంచు మీద నిలువు గీత పాయింట్లు మనమే పెట్టాలి.

పిక్సెల్ పిచ్చి:
దానికీ హగిన్‌లో లైన్‌ఫైండ్ ఉంది. మబ్బుల మీద పడ్డ పాయింట్లు ఏరేయడానికి సెలెస్ట్ ఉంది. ఆ జత ఒక్కటి చేత్తో సరిచేయమంటే నాకు అభ్యంతరం లేదు. మొత్తం తుడిచేయమనడమే దండగ పని.

పాత స్టూడియో:
మీరిద్దరూ పాయింట్ల దగ్గరే ఆగిపోయారు. ఆ అబ్బాయి చేత్తో తీశాడు, ముందు అది చూడండి. ఫోన్ చాచి పట్టుకుని ఒళ్లు తిప్పితే లెన్సు ఒక అర్ధవలయం తిరుగుతుంది. ముందు పచ్చిక, మధ్యలో మహల్, వెనక బండరాళ్ల కొండ, మూడూ మూడు దూరాల్లో ఉన్నాయి. లెన్సు కదిలితే ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. పచ్చిక మీది పాయింటు ఒక లెక్క చెబుతుంది, కొండ మీదిది ఇంకో లెక్క. రెండూ నిజమే. చేత్తో పెట్టినా, మిషన్ పెట్టినా ఆ తగాదా తీరదు. ఘాట్ రోడ్డు మీద నుంచి తిరుపతి ఊరిని తీసినప్పుడు ఈ గొడవ రాదు, అంతా దూరంలోనే ఉంటుంది కనుక ఎలా తిప్పినా అతుకుతుంది. ఇక్కడ మాత్రం ఫోన్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకుని, లెన్సు ఉన్నచోటే ఉండేలా దాని చుట్టూ మనం తిరగాలి నాయనా. పాయింట్లు మహల్ గోడ మీదివే ఉంచు, పచ్చికవి తీసెయ్.

మసక లెన్సు:
సార్ చెప్పింది సబబే. హగిన్ పట్టికలో దూరం (అతికాక ఒకే పాయింటు రెండు ఫోటోల్లో ఎంత తేడాగా పడిందో ఆ అంకె) ఎక్కువ చూపించే పాయింట్లు కొట్టేస్తూ పోతే పచ్చికవి వాటంతటవే పోతాయి. ఆ దూరాల సగటు ఒక పిక్సెల్ లోపుకు వస్తుంది.

పిక్సెల్ పిచ్చి:
ఈ అలవాటే నాకు నచ్చనిది. గిట్టని సాక్షుల్ని బయటికి పంపి కేసు గెలిచినట్టుంటుంది. తమ్ముడూ, కమాను తగ్గిన ఆ పనోరమాకు సగటు ఎంత చూపించింది?

తొండవాడ కుర్రోడు:
ఒకటిన్నర పిక్సెళ్లన్నా. ఫిట్ బాగుందని కూడా రాసింది.

పిక్సెల్ పిచ్చి:
చూశారా సార్? పాయింట్లు ఒకదానితో ఒకటి ఒప్పుకుంటున్నాయా లేదా అన్నదే ఆ అంకె చెబుతుంది. ఆ జతలో నిజం చెప్పే పాయింట్లు నాలుగు ఉండి ఉంటే, ఎక్కువ దూరం చూపించేవి అవే. మీ పద్ధతిలో మొదట పోయేవీ అవే.

మసక లెన్సు:
కళ్లు మూసుకుని కొట్టేయమని నేననలేదు. ప్రతి పాయింటూ రెండు ఫోటోల్లో పెద్దది చేసి చూసుకోవాలి. అది చేత్తో చేసే పనే కదా!

తొండవాడ కుర్రోడు:
ఇప్పుడే చేశాను. ఆ జత పాయింట్లు మాత్రం తీసేసి, పెచ్చులూడిన చోట్లా, నీటి మరకల మీదా పెట్టాను, ఏ కమానుకు ఆ కమాను మరక వేరుగా ఉంది కాబట్టి. కమాను తిరిగొచ్చింది. కానీ వెనక కొండ అంచు ఒకచోట తెగి మెట్టులా కనిపిస్తోంది. కొండ మీద కూడా నాలుగు పాయింట్లు పెట్టనా?

మసక లెన్సు:
పెట్టండి, సర్దుకుంటుంది.

పాత స్టూడియో:
వద్దు. కొండకు పెడితే మహల్ కదులుతుంది. ఆ మెట్టు పడ్డచోట ఒక ఫోటోలోని కొండకు మాస్క్ వేసి (ఆ భాగం వాడకుండా కప్పేసి), అతుకును ఆకాశం వైపో చెట్ల వైపో తోసెయ్. ఆకుల్లో అతుకు ఎవరికీ కనపడదు.

పిక్సెల్ పిచ్చి:
ఐదో వంతు ఓవర్‌ల్యాప్‌లో అతుకును తోయడానికి చోటెక్కడిది సార్? ఆ ఫోటో సగానికి సగం కలిసేలా మళ్లీ తీయాల్సిందే. అప్పుడు దొంగ జతలూ జల్లెడ దగ్గరే ఆగిపోతాయి.

పాత స్టూడియో:
చంద్రగిరి వాడికి పక్కనే. అదే పనోరమా కావాలని బెంగుళూరులో కూర్చున్నవాడు అడిగితే ఏం చెబుతావు? ముందు మాస్క్ వేసి చూడనీ.