కొత్త కంప్యూటర్లలో మాత్రమే తెరుచుకోని షేర్డ్ ఫోల్డర్

ప్రశ్న:

మా కార్యాలయంలో విడిగా సర్వర్ లేదు. విండోస్ 10 ప్రో ఉన్న ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను ఎవరీవన్ (అందరూ) పేరిట షేర్ చేసి, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్‌ను ఆపివేసి, అందరం అందులోని ఫైళ్లను వాడుకుంటున్నాము. ఇటీవల విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ ఉన్న రెండు కంప్యూటర్లను చేర్చగా, వాటిలో మాత్రం, గెస్ట్‌గా (పాస్‌వర్డ్ లేకుండా) ప్రవేశించడాన్ని మీ సంస్థ భద్రతా విధానాలు అనుమతించవన్న సందేశం వస్తోంది. అటువంటి విధానాన్ని మేమెవరమూ పెట్టలేదు. పింగ్ (కంప్యూటర్లు ఒకదానికొకటి అందుతున్నాయో చూసే పరీక్ష) పనిచేస్తోంది; ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపి చూసినా ఫలితం లేదు. రిజిస్ట్రీలో (విండోస్ అమరికలు నిల్వ ఉండే చోటు) గెస్ట్ ప్రవేశాన్ని అనుమతించే విలువను 1గా మార్చితే చాలునని చదివాను. అలా చేయవచ్చునా?

సమాధానం 1:

ఫైర్‌వాల్ జోలికి వెళ్లనవసరం లేదు. ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు మూసి ఉంటే మీకు 0x80070035 వంటి, నెట్‌వర్క్ మార్గం దొరకలేదనే లోపం వచ్చేది. గెస్ట్ గురించిన సందేశం వచ్చిందంటే రెండు కంప్యూటర్లూ మాట్లాడుకున్నట్లే. ఆగిపోయినది మీరెవరో తేల్చుకునే దశలో. సందేశంలోని విధానం కూడా మీ కార్యాలయం పెట్టినది కాదు, 24హెచ్2లో ప్రో ఎడిషన్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టిన డిఫాల్ట్ అమరిక.

రిజిస్ట్రీ మార్పు ఒక్కటే సరిపోదు. 24హెచ్2 ప్రతి ఎస్ఎంబీ (విండోస్ ఫైళ్లను పంచుకునే పద్ధతి) సంభాషణకూ సైనింగ్, అంటే డిజిటల్ సంతకం, కోరుతుంది. ఆ సంతకానికి కావలసిన కీ వాడుకరి పాస్‌వర్డ్ ఆధారంగా తయారవుతుంది కాబట్టి, పాస్‌వర్డే లేని గెస్ట్‌కు సంతకం చేసే దారి లేదు. అంటే మీరు సైనింగ్‌ను కూడా ఆపవలసి వస్తుంది. రెండు ఫైళ్ల కోసం రెండు రక్షణలను తీసివేయడం నాకు సమ్మతం కాదు.

ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో ఒక్కొక్కరికీ పాస్‌వర్డ్‌తో లోకల్ ఖాతా సృష్టించండి. కొత్త కంప్యూటర్ తెరపై వాడుకరి పేరు, పాస్‌వర్డ్ అడిగినప్పుడు, పేరు చోట ఆ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఖాతా పేరు వరుసగా ఇవ్వండి. పిన్ ఇక్కడ పనికిరాదు, అది ఆ ఒక్క యంత్రానికే పరిమితం. పాత కంప్యూటర్లవారికీ ఖాతాలు ఇచ్చిన తరువాతనే పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్‌ను తిరిగి ఆన్ చేయండి. ముందే చేస్తే అందరి పనీ ఒకేసారి ఆగిపోతుంది.

సమాధానం 2:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. పాత లాగిన్ వివరాలు ఇప్పటికే నిల్వ ఉంటే 1219 లోపం రావచ్చు, ఎందుకంటే ఒకే కంప్యూటర్‌కు ఒకే సమయంలో రెండు వేర్వేరు ఖాతాలతో కనెక్ట్ కావడాన్ని విండోస్ ఒప్పుకోదు. నెట్ యూజ్ ఆదేశంతో పాత కనెక్షన్లను తొలగించి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పాస్‌వర్డ్‌లను దాచే చోటు) ఆ కంప్యూటర్ పేరిట ఉన్నవాటిని కూడా తీసివేయండి.

ప్రశ్న అడిగినవారు:

ఖాతాలు సృష్టించగానే ఫోల్డర్ తెరుచుకుంది. కానీ ఫైళ్లను చదవగలుగుతున్నాము గాని సేవ్ చేయలేకపోతున్నాము. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ ఖాతాలకు మాడిఫై (మార్చే) అనుమతి ఇచ్చాను.

సమాధానం 1:

షేరింగ్ ట్యాబ్‌లో ఒక అనుమతి, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొకటి ఉంటాయి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో ఎవరీవన్‌కు రీడ్ (చదవడం) మాత్రమే ఉండి ఉంటుంది, చూడండి. అక్కడ ఛేంజ్ (మార్చడం) కూడా ఇచ్చి, ఎవరికి ఎంత అన్నది సెక్యూరిటీ ట్యాబ్‌లోనే నిర్ణయించడం నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే తరువాత వెతకవలసిన చోటు ఒకటే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఛేంజ్ ఇచ్చిన తరువాత సేవ్ అవుతున్నాయి, కొన్ని పాత ఫైళ్లు తప్ప. అవి అదే డ్రైవ్‌లోని వేరే ఫోల్డర్ నుండి కట్ చేసి ఇందులో పెట్టినవి.

సమాధానం 2:

ఒకే డ్రైవ్‌లో ఫైలును తరలిస్తే అది తన పాత అనుమతులతోనే రావచ్చు. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులను తీసుకుంటుంది. ఆ ఫైళ్లను అక్కడికే కాపీ చేసి పాతవాటిని తొలగించండి. ఇంకొక మాట: విండోస్ 10, 11 ప్రో ఉన్న కంప్యూటర్‌కు ఒకేసారి 20కి మించి కనెక్షన్లు అనుమతించరు. అంతేకాక, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఈ ఫోల్డర్‌ను వేరే యంత్రానికి మార్చే ఆలోచన ఉంటే, ఖాతాలన్నీ పెరిగిపోకముందే మార్చండి.